నాలుగింతల జీతంతో లిస్బన్‌కు

లిస్బన్ విమానాశ్రయంలో దిగి, ఎర్ర లైను మెట్రో ఎక్కి, అలమేడాలో ఆకుపచ్చ లైనుకు మారితే కాసేపట్లో మార్తిం మోనీజ్ చౌరస్తాలో బయటపడతాం. పేరుమోసిన 28వ నంబరు పసుపుపచ్చ ట్రామ్ బయల్దేరేది ఇక్కడి నుంచే. దాని కోసం పర్యాటకులు ఎండలో బారులు తీరి నిలబడి ఉంటారు. ఆ బారుకు కూతవేటు దూరంలో రువా దు బెంఫొర్మోజు అనే ఇరుకు వీధి మొదలవుతుంది. బంగ్లాదేశీల కిరాణా కొట్లు, హలాల్ మాంసం దుకాణాలు, ఫోన్లు బాగుచేసే గదులు, ఊరికి డబ్బు పంపించే కౌంటర్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. కందిపప్పు, పచ్చిమిర్చి, కొత్తిమీర కట్ట కావాలంటే లిస్బన్‌లో ఎవరైనా ఇటే చూపిస్తారు. అక్కణ్ణుంచి మెట్ల దారిన కొండెక్కితే గ్రాసా పేట. అక్కడి కాఫీ కొట్లలో మధ్యాహ్నం రెండింటికి ల్యాప్‌టాప్‌లు తెరుచుకుంటాయి. న్యూయార్క్‌లో అది ఉదయం తొమ్మిది గంటల వేళ. కింద వీధిలో మనిషీ, పైన కాఫీ కొట్టులో మనిషీ ఇద్దరూ ఈ దేశానికి బతకడానికి వచ్చినవాళ్లే. కానీ వాళ్లు వచ్చిన ద్వారాలు వేరు, వాళ్లకు దొరికే మర్యాద వేరు. రిమోట్ ఉద్యోగులకిచ్చే నివాస వీసా మీద తెలుగువాళ్లలో ఆసక్తి పెరుగుతున్న ఈ రోజుల్లో, దాని మంచిచెడ్డలను ఈ రెండు వీధులను కలిపి చూసే తేల్చుకోవాలని నా వాదన.

పోర్చుగల్ ఈ వీసాను 2022 అక్టోబరు 30 నుంచి ఇస్తోంది. దాని అధికారిక నామం డీ8. ఈ తరహా వీసాలకు దారి వేసింది మాత్రం పోర్చుగల్ కాదు. 2020లో కరోనా వల్ల పర్యాటకులు రాక హోటళ్లు మూతబడ్డప్పుడు జులైలో బార్బడోస్, ఆగస్టులో ఎస్టోనియా దీన్ని మొదలుపెట్టాయి. క్రొయేషియా, స్పెయిన్, మలేషియా, థాయ్‌లాండ్, అరబ్ ఎమిరేట్స్ ఆ తర్వాత అందుకున్నాయి. పోర్చుగల్ షరతులు వినడానికి తేలిగ్గానే ఉంటాయి. జీతమిచ్చే సంస్థ పోర్చుగల్ బయట ఉండాలి, గత మూడు నెలల సగటు ఆదాయం అక్కడి కనీస వేతనానికి నాలుగింతల కంటే తగ్గకూడదు. 2025లో కనీస వేతనం 870 యూరోలు కాబట్టి ఆ ఏడాది వీసా గీత 3,480 యూరోలు, అంటే మన లెక్కలో నెలకు మూడు లక్షల రూపాయల పైచిలుకు. దానికి తోడు పోలీసు క్లియరెన్సు, దాని మీద మన విదేశాంగ శాఖ అపొస్టిల్ ముద్ర, పన్ను ఏ దేశంలో కడుతున్నారో చెప్పే పత్రం, ఉద్యోగ ఒప్పందం, అక్కడ ఉండబోయే ఇంటి ఆధారం జతచేయాలి. హైదరాబాద్ కంపెనీలో పనిచేసేవారికి రాయబార కార్యాలయం కంటే ముందు వచ్చే గడప సొంత సంస్థ హెచ్ఆర్ విభాగం. ఉద్యోగి వేరే దేశంలో కూర్చుని పనిచేస్తే అక్కడి పన్ను చట్టాలు సంస్థ మెడకు చుట్టుకుంటాయన్న భయంతో చాలా కంపెనీలు అక్కడే ఆపేస్తాయి. అందుకే ఈ వీసా మీద వెళ్లే మనవారిలో సొంతంగా కాంట్రాక్టులు చేసుకునేవారికీ, అమెరికా, బ్రిటన్ సంస్థలకు నేరుగా పనిచేసేవారికీ వీలు ఎక్కువ.

ఈ షరతులన్నిటిలో ‘నాలుగింతలు’ అన్న మాట దగ్గర ఆగాలి. మామూలుగా ఏ దేశమైనా బయటివాణ్ణి పిలిచేటప్పుడు ఇక్కడ నువ్వు చేయగల పనేమిటని అడుగుతుంది. నర్సుకు నర్సింగు చదువు, వంటవాడికి వంట, శాస్త్రవేత్తకు ప్రయోగశాల. డీ8 ఆ ప్రశ్న అడగదు. ఇక్కడ ఏ పనీ చేయనవసరం లేదు, బయట సంపాదించి ఇక్కడ ఖర్చుపెడితే చాలునంటుంది. అంతేకాక, ఆ ఖర్చుపెట్టే స్తోమత ఇక్కడి కూలివాడి స్తోమతకు నాలుగు రెట్లు ఉండి తీరాలని చట్టంలోనే రాసుకుంది. 2024లో పోర్చుగల్‌లో సగటు నెల జీతం కోతలకు ముందు దాదాపు 1,600 యూరోలు. అంటే వీసా గీత కనీస వేతనజీవికే కాదు, బడిపంతులుకూ బ్యాంకు గుమాస్తాకూ కూడా అందని ఎత్తున ఉంది. ఇక అద్దె సంగతి. ఆ ఏడాది లిస్బన్‌లో కొత్తగా కుదిరిన ఒప్పందాల్లో చదరపు మీటరుకు మధ్యస్థ అద్దె 15 యూరోలు దాటింది. యాభై చదరపు మీటర్ల ఇల్లు, మన కొలతలో 540 చదరపు అడుగుల చిన్న ఫ్లాటు, 750 యూరోలకు పైమాటే. ఆ ఏడాది కనీస వేతనం 820. అందులో సామాజిక భద్రత కింద 11 శాతం పోగా చేతికొచ్చేది 730. కొండ మీద కాఫీ కలిపే పిల్ల నెల జీతం మొత్తం ఇచ్చినా ఆ కొండ మీద ఒక పడకగది ఇల్లు రాదు. అదే ఇల్లు డీ8 మీద వచ్చినవారి ఆదాయంలో పావు వంతు కూడా కాదు.

ఇలా అన్నంత మాత్రాన ఆ వీసా కోరుకునేవారి కోరిక తప్పని కాదు. అందులో ఎంత న్యాయముందో తెలుగు ఐటీ ఉద్యోగి దినచర్య చూస్తే తెలుస్తుంది. న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిదైతే చలికాలంలో హైదరాబాద్‌లో రాత్రి ఏడున్నర. అమెరికా క్లయింటుతో పనిచేసేవారి సాయంత్రాలు, భోజనం వేళలు, పిల్లలను పడుకోబెట్టే వేళలు అన్నీ కాల్స్‌లోకి పోతాయి. ఇరవై ఏళ్లుగా మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల్లో క్యాబులు అర్ధరాత్రి తిరిగేది ఇందుకే. లిస్బన్‌లో అదే పని మధ్యాహ్నం మొదలై రాత్రి పదిలోపు ముగుస్తుంది. ఉదయమంతా మనిషి సొంతం. అక్కడి ప్రభుత్వ బడి, ప్రభుత్వ ఆసుపత్రి నివాసులందరికీ తెరిచి ఉంటాయి. ఫుట్‌పాత్ మీద ముసలివాళ్లు భయం లేకుండా నడుస్తారు. ఒంటరి ఆడపిల్ల రాత్రి ట్రామ్‌లో ఇంటికి వెళ్లగలదు. అమెరికాలో గ్రీన్‌కార్డు కోసం పదిహేనేళ్లు క్యూలో ఉన్నవారికి, హెచ్1బీ పొడిగింపు వస్తుందో రాదోనని ప్రతి మూడేళ్లకూ ఊపిరి బిగబట్టేవారికి, జీతాన్ని చూసి తలుపు తీసే దేశం కనబడితే ఆశ కలగడం సహజం. ఆ ఆశను నేను తక్కువ చేయను. అది ఎవరి మీద బరువై పడుతోందో తెలుసుకుని ఆశపడమంటాను.

ఆ బరువు కంటికి కనబడే చోటు అల్ఫామా. 1755 భూకంపంలో లిస్బన్ నేలమట్టమైనా చాలావరకు నిలిచిన పాత పేట అది. ఇద్దరు ఎదురెదురుగా వస్తే ఒకరు తప్పుకోవలసినంత సన్నని సందులు, కిటికీల మధ్య ఆరేసిన దుప్పట్లు, గోడలకు నీలి పలకలు. అక్కడ ఇంటి గుమ్మాల పక్కన కొంచెం ఆగి చూస్తే గాజులాంటి పారదర్శకమైన చదరపు పలక ఒకటి కనిపిస్తుంది. జానెడు వెడల్పు ఉంటుంది, దాని మీద ముదురు నీలంలో రెండే అక్షరాలు, ఏ, ఎల్. అలొజమెంతు లొకాల్ అని అర్థం, అంటే పర్యాటకులకు రోజువారీ అద్దెకిచ్చే ఇల్లు. ఆ పలక కిందో, కిటికీ ఊచలకో చిన్న ఇనుప పెట్టె వేలాడుతుంటుంది. దానికి అంకెల తాళం, లోపల ఇంటి తాళంచెవి. ఇంటివాడు ఉండడు, వచ్చినవాడు ఫోనులో అంకెలు చూసుకుని తలుపు తీసుకుంటాడు. రాతి బాట మీద చక్రాల సూట్‌కేసుల చప్పుడు తెల్లవారుజాము నుంచే మొదలవుతుంది. ఒక గుమ్మానికి పలక ఉండి, పక్క గుమ్మానికీ ఉండి, మూడో గుమ్మం ముందు మాత్రం పూలకుండీ, పిల్లి, కుర్చీలో కూర్చున్న పెద్దామె కనిపిస్తే ఆ సందులో మిగిలిన పాత కాపురం ఏదో ఎవరూ చెప్పనక్కర్లేదు. అల్ఫామా, మొరారియా వంటి పేటల్లో కొత్త ఏఎల్ అనుమతులు ఇక ఇవ్వబోమని లిస్బన్ నగరపాలక సంస్థ 2018లోనే ఆపవలసి వచ్చింది.

ఇక్కడే మొదటి అభ్యంతరం వస్తుంది. ఇదంతా పర్యాటకుల వల్ల జరిగింది గాని రిమోట్ ఉద్యోగుల వల్ల కాదు కదా? డీ8 పుట్టకముందే అల్ఫామా ఖాళీ అయింది కదా? నిజం. 1981లో ఎనిమిది లక్షలకు పైగా ఉన్న లిస్బన్ నగర జనాభా 2021 నాటికి ఐదున్నర లక్షలకు దిగింది. ఆ పతనానికి ల్యాప్‌టాప్‌తో సంబంధం లేదు. 2011లో పోర్చుగల్ అప్పుల్లో మునిగి ఐరోపా సంఘం, ఐఎంఎఫ్‌ల నుంచి 7,800 కోట్ల యూరోల సాయం తీసుకుంది. ఆ షరతుల నీడలో 2012లో అద్దె చట్టాన్ని సడలించారు, దశాబ్దాలుగా గడ్డకట్టిన పాత అద్దెలు కదిలాయి, ఇల్లు ఖాళీ చేయించడం తేలికైంది. అదే ఏడాది ఇల్లు కొన్న విదేశీయుడికి నివాస అనుమతినిచ్చే గోల్డెన్ వీసా వచ్చింది. 2014లో పర్యాటక అద్దెలకు నమోదు సులువు చేశారు. అంతకుముందు 2009లోనే బయటి నుంచి వచ్చే నిపుణులకు పదేళ్లపాటు 20 శాతం ఏకరీతి పన్ను ఏర్పాటు చేశారు. ఈ వరసలో డీ8 ఆఖరున వచ్చింది, వచ్చినవారి సంఖ్యా చిన్నదే. 2024 చివరికి పోర్చుగల్‌లో ఉన్న సుమారు 15 లక్షల విదేశీయుల్లో వీరు పిడికెడు. అయితే అద్దెను నిర్ణయించేది వచ్చినవారి మొత్తం సంఖ్య కాదు, ఒకే పేటలో ఒకేలాంటి ఇంటి కోసం ఎవరెంత ఇవ్వగలరన్న పోటీ. గ్రాసాలో ఖాళీ అయిన పది ఇళ్లలో మూడింటికి నాలుగింతల జీతగాళ్లు దొరికితే మిగిలిన ఏడిళ్ల యజమానులూ ఆ రేటే అడుగుతారు. కొండాపూర్‌లో ఐటీ కుర్రాళ్లు వచ్చాక అంతకుముందున్న చిరుద్యోగులు ఎలా శివార్లకు జరిగారో చూసినవారికి ఈ లెక్క కొత్తది కాదు. కరోనా కాలంలో బెంగళూరు, ముంబై జీతాలు గోవా పల్లెల్లో దిగినప్పుడు అక్కడి అద్దెలకు జరిగిందీ ఇదే.

రెండో అభ్యంతరం దీనికంటే బలమైనది. వచ్చినవాళ్లు డబ్బు తెస్తారు, కొట్టులో కొంటారు, పేద దేశానికి అది మేలే కదా అంటారు. డబ్బు తెస్తారన్నది నిజమే గాని ఎవరికి తెస్తారో చూడాలి. కాఫీ కొట్టులో పెట్టిన ఖర్చులో పెద్ద పాలు ఆ కొట్టు అద్దెకే పోతుంది, ఇంటి అద్దె ఇంటి యజమానికి పోతుంది. ఊరందరికీ చేరే డబ్బు ఒక్క దారినే చేరుతుంది, అది పన్ను. సరిగ్గా అక్కడే ఇన్నాళ్లూ అన్యాయం జరిగింది. పోర్చుగల్‌లో చదివి అక్కడే పనిచేసే ఇంజనీరుకు పన్ను శాతం ఆదాయంతో పాటు పెరుగుతూ 48 దాకా పోతుంది. పక్క బల్ల దగ్గర అదే పని చేసే విదేశీ ఇంజనీరు అర్హత చూపితే 20 శాతం కట్టి పదేళ్లు గడిపాడు. ఒకే పని, ఒకే వీధి, రెండు పన్నులు. 2023 ఏప్రిల్ 1న ‘బతకడానికి ఇల్లు’ అన్న నినాదంతో లిస్బన్, పోర్తో వీధుల్లోకి వేలమంది వచ్చింది ఇందువల్ల కూడా. ఆ ఏడాదే గోల్డెన్ వీసాలో ఇల్లు కొనే మార్గాన్ని మూసేశారు. 2024 నుంచి కొత్తవారికి ఆ పన్ను రాయితీ ఎత్తేసి, పరిశోధన వంటి కొన్ని రంగాలకే పరిమితం చేశారు. ఇప్పుడు డీ8 మీద వెళ్లి ఏడాదిలో 183 రోజులు దాటి ఉండేవారు చాలావరకు అక్కడివారితో సమానంగా పన్ను కట్టవలసిందే. దీన్ని మనవారు నష్టంగా చెప్పుకోవడం వింటుంటాం. నా దృష్టిలో ఈ వీసాకు పట్టిన మచ్చ కొంతైనా కడిగింది ఆ మార్పే.

ఇక కింది వీధికి దిగాలి. బెంఫొర్మోజు వీధిలో గదికి ఆరుగురూ ఎనిమిదిమందీ సర్దుకుని ఉండే కుర్రాళ్లు లిస్బన్‌లో భోజనాలు ఇళ్లకు చేరవేసేవారు, వంటిళ్లలో గిన్నెలు తోమేవారు, కట్టడాల మీద పనిచేసేవారు. లిస్బన్ నుంచి దక్షిణంగా రెండున్నర గంటలు ప్రయాణిస్తే అలెంతేజు తీరంలో ఒదెమీరా వస్తుంది. సముద్రం అంచున కొండలు, వాటి వెనక కనుచూపు మేర తెల్లని ప్లాస్టిక్ కప్పులు. ఆ కప్పుల కింద రాస్ప్‌బెర్రీలు కోసేవారిలో ఎక్కువమంది పంజాబ్ నుంచి, నేపాల్ నుంచి, బంగ్లాదేశ్ నుంచి వచ్చినవారు. ఉత్తర ఐరోపా దుకాణాల్లో చిన్న డబ్బాల్లో అమ్మే ఆ ఎర్రని పళ్లు వీళ్ల చేతులమీదుగానే పోతాయి. 2021 వసంతంలో అక్కడి సావ్ తెయొతోనియు ప్రాంతంలో కరోనా ప్రబలి రాకపోకలు బంద్ చేస్తే తప్ప, వాళ్లు ఎలాంటి గదుల్లో ఎంతమంది కిక్కిరిసి ఉంటున్నారో దేశానికి తెలియలేదు. కొందర్ని అక్కడి నుంచి తరలించడానికి ప్రభుత్వం ఒక విహార కేంద్రాన్నే స్వాధీనం చేసుకోవలసి వచ్చింది. వీళ్లు ఆ దేశానికి భారమా? 2023లో విదేశీ కార్మికులు పోర్చుగల్ సామాజిక భద్రత నిధికి 250 కోట్ల యూరోలకు పైగా జమచేశారు. తిరిగి పొందిన సాయం అందులో ఐదో వంతు కూడా లేదు. పోర్చుగీసు ముసలివాళ్ల పింఛనులో బెర్రీ కోసే కుర్రాడి చెమట ఉంది.

అయినా ఏ ద్వారం మూసుకుపోయింది? పర్యాటక వీసాతోనో మరెలాగో వచ్చి, ఉద్యోగం సంపాదించుకుని, సామాజిక భద్రత కడుతూ, నివాసానికి అర్జీ పెట్టుకునే వీలు ఒకప్పుడు ఉండేది. ప్రధాని లూయిష్ మొంతెనెగ్రు ప్రభుత్వం 2024 జూన్ 3న దాన్ని రద్దు చేసింది. అదే ఏడాది డిసెంబరు 19న పోలీసులు బెంఫొర్మోజు వీధిని రెండు వైపులా మూసి, పదుల సంఖ్యలో మనుషులను గోడకు ముఖం పెట్టించి, చేతులు పైకెత్తించి సోదా చేశారు. వరసగా నిలబడ్డ ఆ వీపుల ఫొటో దేశమంతా తిరిగింది. మూడు వారాల తర్వాత, జనవరి 11న, ‘మమ్మల్ని గోడకు నెట్టకండి’ అంటూ పోర్చుగీసువారే వేల సంఖ్యలో లిస్బన్‌లో ఊరేగింపు తీశారు. డీ8 తలుపు మాత్రం తెరిచే ఉంది. కింది వీధి కుర్రాడు, డీ8 మీద వెళ్లే మనవాడు, ఇద్దరి జేబులోనూ ఉన్నవి దక్షిణాసియా పాస్‌పోర్టులే. ఒకడు ఆ దేశం తినే తిండి వండుతున్నాడు, ఆ దేశం అమ్మే పండు కోస్తున్నాడు. రెండోవాడి పని ఆ దేశానికి తెలియనే తెలియదు. తలుపు రెండోవాడికి తెరుచుకుంది.

ఈ రెండు ద్వారాల పద్ధతి మనకూ తెలిసినదే. పదో తరగతి దాటనివారి పాస్‌పోర్టు మీద మన ప్రభుత్వమే ఈసీఆర్ అని ముద్ర వేస్తుంది. గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు పనికి పోవాలంటే వారు వలస అధికారి అనుమతి తీసుకోవాలి. రక్షణ కోసం పెట్టిన నిబంధనే అయినా, జగిత్యాల, సిరిసిల్ల పల్లెల వాళ్లకు అది ఏజెంటు చేతిలో పడే మొదటి మెట్టు అవుతోంది. దుబాయిలో నెలకు 3,500 డాలర్లు చూపిన రిమోట్ ఉద్యోగి తన పూచీ తానే పెట్టుకుని ఏడాది ఉండవచ్చు. అదే దుబాయిలో కట్టడం మీద పనిచేసే కరీంనగర్ మనిషి ఉనికి యజమాని పూచీ మీద ఆధారపడి ఉంటుంది. బర్మాలోని రంగం వెళ్లిన కూలీల నుంచి మలయా రబ్బరు తోటలకు పోయిన కుటుంబాల దాకా, కువైట్ ఇళ్లలో పనిచేసే కోనసీమ, కడప ఆడవాళ్ల దాకా తెలుగువారి వలసలో ఎక్కువ పాలు కింది ద్వారం గుండానే జరిగింది. పై ద్వారం మనలో కొందరికి తెరుచుకున్నది నిన్నమొన్న. ఆ సంగతి మరిచి, బెంఫొర్మోజు వీధిని ‘ఆ ఏరియాలో ఇల్లు తీసుకోకండి’ అన్న సలహాతో దాటేసే మనవారిని చూస్తే బాధ కలుగుతుంది. లిస్బన్‌లో కందిపప్పు దొరికేది ఆ వీధి బతికి ఉండబట్టే.

మూడో అభ్యంతరం కోపంతో వస్తుంది, ఆ కోపం న్యాయమైనది. అమెరికన్లు, ఐరోపావారు పర్యాటకులుగా బాలీలో, గోవాలో దిగి నెలల తరబడి ల్యాప్‌టాప్ మీద పనిచేస్తే ఎవరూ అడగరు. మనం మాత్రం బ్యాంకు లెక్కలు, ముద్రలు, వేలిముద్రలు ఇచ్చి నెలలు ఎదురుచూడాలి. 2024లో జపాన్ రిమోట్ ఉద్యోగులకు ఆరు నెలల వీసా పెట్టినప్పుడు ఏటా కోటి యెన్‌లు సంపాదించినా భారతీయుడికి అర్హత లేకపోయింది, అర్హత దేశాల జాబితాలో మన పేరే లేదు. ఇంత వివక్ష భరించి, దొరికిన ఒక్క సందును కూడా నీతి పేరుతో వదులుకోవాలా? వదులుకోనక్కర్లేదు. కానీ ఆ వివక్ష చేసింది అల్ఫామాలో కుర్చీ వేసుకుని కూర్చున్న పెద్దామె కాదు. ఆమె తరంవాళ్లు కూడా వలస బాధ తెలిసినవాళ్లే. 1960లలో సలజార్ నియంతృత్వం నుంచి, ఆఫ్రికా యుద్ధాల నుంచి తప్పించుకుంటూ లక్షల మంది పోర్చుగీసులు కొండలు దాటి దొంగదారిన ఫ్రాన్స్ చేరి, పారిస్ శివార్ల మురికివాడల్లో బతికారు. ఇప్పటికీ అక్కడి చదువుకున్న పిల్లలు అద్దెలు భరించలేక స్విట్జర్లాండ్, జర్మనీ, లక్సెంబర్గ్ పోతున్నారు. మన పాస్‌పోర్టుకు జరిగిన అవమానానికి పరిహారం వాళ్ల ఇంటి అద్దెలోంచి వసూలు చేసుకోవడం ఏ లెక్కన చూసినా సరికాదు.

కాబట్టి వెళ్లాలా వద్దా అన్న ప్రశ్న కంటే ఎలా వెళ్లాలన్నదే అసలు ప్రశ్న. డీ8లో రెండు రకాలున్నాయి. ఒకటి ఏడాది దాకా ఉండనిచ్చే తాత్కాలిక బస వీసా. రెండోది నివాస వీసా, నాలుగు నెలలు చెల్లుతుంది, ఆలోగా అక్కడికి చేరి ఐమా అనే వలస సంస్థ దగ్గర రెండేళ్ల నివాస అనుమతి తీసుకోవాలి, తర్వాత మూడేళ్లకు పొడిగించుకోవచ్చు. మొదటిది సులువు, బాధ్యత తక్కువ. కొందరు సలహాదారులు అదే చెబుతారు. నేను రెండోదే చెబుతాను. అందులో కష్టం ఉంది. పాత సంస్థను రద్దుచేసి 2023 అక్టోబరు 29న ఐమాను ఏర్పాటు చేసేనాటికే లక్షల దరఖాస్తులు పేరుకుపోయి ఉన్నాయి. ఒక దశలో ఆ సంఖ్య నాలుగు లక్షలు. అపాయింటుమెంటు కోసం నెలలు గడుస్తాయి, ఆ వరసలో ల్యాప్‌టాప్ మనిషీ బెర్రీ తోట మనిషీ పక్కపక్కనే నిలబడతారు. దేశంలో వరుసగా ఆరు నెలలకు మించి లేకపోతే అనుమతికి ముప్పు. శాశ్వత నివాసానికైనా పౌరసత్వానికైనా పోర్చుగీసు భాష ప్రాథమికంగా వచ్చని చూపక తప్పదు. ఆ నిబంధనలన్నీ మనిషిని ఆ ఊరికి కట్టిపడేస్తాయి. కట్టిపడేయడమే నివాసానికి అర్థం. మదీరా దీవిలో పొంతా దు సోల్ అనే అరటితోటల ఊళ్లో 2021 ఫిబ్రవరిలో డిజిటల్ సంచారుల కోసం ప్రత్యేకంగా ఒక ‘గ్రామం’ తెరిచారు. ఉచితంగా కూర్చుని పనిచేసుకునే చోటు, ఒకరినొకరు కలుసుకునే ఏర్పాట్లు, అన్నీ చక్కగా ఉంటాయి. కానీ నెల ఉండి పోయే మనిషికి ఆ ఊరి బడితోగాని, పంటకాలువతోగాని, పంచాయతీతోగాని ఏం పని ఉంటుంది? అది నివాసం కాదు, పొడుగాటి సెలవు.

భాష అంటే జంకేవారికి ఒక్క మాట. ఐదు వందల ఏళ్ల కిందట పోర్చుగీసులు మన తీరానికి రావడం వల్ల వాళ్ల మాటలు కొన్ని మన ఇళ్లలోనే ఉన్నాయి. ఇల్లు కట్టే మేస్త్రీ అక్కడి మెష్ట్రే. ఒళ్లు తుడుచుకునే తువాలు అక్కడి తువాల్య. బట్టలు పెట్టుకునే అలమారా, బావి దగ్గరి బాల్చీ, కోసుకు తినే అనాస, అన్నీ ఆ భాష నుంచి వచ్చినవే. ముక్కుతో పలికే అచ్చులు మొదట కంగారు పెడతాయి గాని, వారానికి రెండు గంటలు కూర్చుంటే ఏడాదిలో కొట్టువాడితో, డాక్టరుతో, పిల్లల టీచరుతో మాట్లాడే భాష వస్తుంది. ఇంగ్లీషుతో లిస్బన్‌లో బతకవచ్చు, అందరూ బతుకుతున్నారు. అలా బతికేవారికి పక్కింటివారి ఇల్లు ఖాళీ అవుతున్న సంగతి తెలియదు.

వెళ్లదలచుకున్న తెలుగువారికి నా విన్నపం ఇది. నివాస వీసానే అడగండి. అల్ఫామా, మొరారియా, గ్రాసాల్లో ఏఎల్ పలక ఉన్న ఇల్లు నెలలకు తీసుకోకండి, కొండకు దూరంగా మెట్రో దారిలో మామూలు కాపురాలున్న పేటలో చూసుకోండి. అద్దె ఒప్పందం పన్నుల శాఖలో నమోదయ్యేలా పట్టుబట్టండి, నెలనెలా రసీదు తీసుకోండి. యజమాని ‘నమోదు లేకుండా అయితే తగ్గిస్తా’నంటే ఆ ఇల్లు వద్దనండి. అక్కడ కట్టవలసిన పన్నును అక్కడే కట్టండి, మనదేశంతో రెండుసార్లు పన్ను పడకుండా ఒప్పందం ఉంది. కిరాణా బెంఫొర్మోజు వీధిలో కొనండి, అమ్మేవాడితో మాట్లాడండి. ఏదో ఒక రోజు నివాస ధ్రువపత్రం కోసం మీ పేట స్థానిక పాలక సంస్థ అయిన జుంటా కార్యాలయానికి వెళ్లవలసి వస్తుంది. వాళ్లకు మీరెవరో తెలియకపోతే, ఈ మనిషి ఇక్కడే ఉంటున్నాడని చెప్పడానికి ఆ పేటలో ఓటరుగా నమోదైన ఇద్దరి సాక్ష్యం తెమ్మంటారు.